వేడిని ఆపేది ఖాళీ జాగా

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ముందుగా ఒక మనవి. నేను చదివింది ఉర్దూ మీడియం. ఇరవై ఏండ్లుగా పిల్లలకు సైన్సు పాఠం చెప్పేది కూడా ఉర్దూలోనే. కాని మన ఇండ్లల్లో ఇప్పుడు తెలుగు చదివేవాళ్ళే ఎక్కువైనారు. అందుకని సెక్రెటరీ సాబ్ ఈసారి తెలుగులో మాట్లాడుమన్నారు. మాటల్లో తప్పులు దొర్లితే మన్నించగలరు. లెక్కల్లో తప్పు దొర్లితే మాత్రం మన్నించవద్దు. ఎందుకంటే పోయిన సంవత్సరం నా లెక్క తప్పడం వల్లనే సంఘం పైసలు వృథా అయినవి. ఆ సంగతి చెప్పుకోవడానికే ఈ రోజు మీ ముందు నిలబడ్డాను.

మన సంఘం వెనుక భాగంలో ఉన్న రెండు రేకుల గదులు మీకందరికీ తెలిసినవే. ఒకదానిలో ఆడపిల్లల కుట్టు శిక్షణ, రెండో దానిలో టెన్త్ పిల్లల ట్యూషన్. ఎండాకాలం సెలవుల్లోనే ఈ రెండూ నిండుగా నడుస్తాయి. మన నల్లగొండ, పాలమూరు ఎండ గురించి మీకు నేను చెప్పేదేమున్నది! 2015 మే నెలలో వడగాలికి రెండు తెలుగు రాష్ట్రాల్లో రెండు వేల మందికి పైగా ప్రాణాలు పోయినవి. అట్లాంటి ఎండలో సిమెంటు రేకు మధ్యాహ్నానికి 60 డిగ్రీలు దాటుతుంది. రేకు కింద కూర్చున్న మనిషి తల మీద ఆ రేకే ఒక కుంపటి మాదిరి వేడిని కుమ్మరిస్తుంది. ఫ్యాను వేస్తే ఆ వేడి గాలినే తిప్పుతుంది.

పోయిన సంవత్సరం ఒక కంపెనీ మనిషి వచ్చాడు. పేరు అవసరం లేదు. అతని దగ్గర ఒక పెయింటు ఉన్నది. "ఇందులో కంటికి కనిపించని బోలు పూసలున్నాయి. అంతరిక్ష రాకెట్లకు వాడే విద్య ఇది. రెండు కోట్లు వేస్తే రెండంగుళాల థర్మోకోల్ పెట్టినట్లే" అన్నాడు. కార్యవర్గం నన్ను అడిగింది. సైన్సు మాస్టరును కదా, నా మాటకు విలువ ఇచ్చారు. బోలు పూసల గురించి నేను అంతకు ముందే పుస్తకంలో చదివి ఉన్నాను. అది అబద్ధం కాదని తెలుసు. అందుకని వేయించండి అన్నాను. ఒక్క ప్రశ్న మాత్రం అడగడం మరిచాను. ఆ ప్రశ్న ఏమిటో కాసేపట్లో చెప్తాను.

పెయింటు వేసిన మొదటి పదిహేను రోజులు గది నిజంగానే కొంచెం చల్లబడింది. అందరం సంతోషించాము. తరువాత దుమ్ము లేచింది, రేకు మట్టి రంగుకు తిరిగింది, గది మళ్ళీ ఎప్పటి మాదిరే అయ్యింది. మే నెలలో ఒక మధ్యాహ్నం కుట్టు మిషను మీదనే ఒక అమ్మాయి స్పృహ తప్పి పడిపోయింది. ఆపా నీళ్ళు చల్లి, ఆటోలో దవాఖానాకు తీసుకుపోయింది. అల్లా దయ వల్ల పిల్ల సాయంత్రానికి లేచి కూర్చున్నది. కాని మళ్ళీ క్లాసుకు రాలేదు. వాళ్ళ అమ్మ పంపలేదు. ఆ తల్లిని తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు.

ఆ తరువాత నేను కూర్చుని, మొదట చేయవలసిన లెక్క చివరికి చేశాను. అదే ఈ రోజు మీకు చెప్పబోయేది.

వేడిని ఆపేది ఏ వస్తువు? మా నానీ ఇల్లు నారాయణపేట వైపు పల్లెలో. గొర్రెలు కాసే కురుమలు మా వాకిట్లో నుంచే పోయేవాళ్ళు. మండుటెండలో కూడా భుజాన నల్ల గొంగడి. చిన్నప్పుడు నాకు నవ్వు వచ్చేది. ఎండలో గొంగడి ఏమిటని మా నానీని అడిగితే "చలిని ఆపేదే వేడిని ఆపుతుంది బేటా" అన్నది. నానీ బడికి పోలేదు, కాని ఆమె చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. దక్కను గొర్రె ఉన్ని పోగుల మధ్య గాలి చిక్కుకొని ఉంటుంది. ఆ గాలి కదలదు. కదలని గాలిలో నుంచి వేడి నడవాలంటే చాలా కష్టం. చలికాలం ఒంటి వేడి బయటికి పోదు, ఎండాకాలం బయటి వేడి ఒంటికి తొందరగా రాదు.

బరఫ్ అమ్మే చాచా సైకిల్ మీద కట్టెపెట్టె గుర్తుందా? బరఫ్ గడ్డ చుట్టూ రంపపు పొట్టు, దాని మీద గోనె సంచి. పొట్టు చల్లని వస్తువు కాదు. పొట్టు రేణువుల నడుమ ఉన్న గాలి బయటి వేడిని గడ్డ దాకా రానియ్యలేదు. రజాయి, బొంత, పిట్టల ఈకలు, అన్నింటి మర్మం ఇదే. పని చేసేది గాలి. పోగు, పొట్టు, ఈక అన్నవి ఆ గాలిని కదలకుండా పట్టి ఉంచే కాపలాదారులు.

దీనికి సైన్సులో ఒక కొలత ఉన్నది, ఉష్ణవాహకత్వం అంటారు. వాట్, మీటర్, కెల్విన్‌లలో కొలుస్తారు. ఆ పేర్లు పక్కన పెట్టి అంకెలు మాత్రం చూడండి. అంకె ఎంత తక్కువైతే వేడికి అడ్డు అంత ఎక్కువ. ఉక్కు సుమారు 50. కాంక్రీటు ఒకటిన్నర. గాజు 1. నీళ్ళు 0.6. గట్టి ప్లాస్టిక్ 0.2. కదలని గాలి 0.026. థర్మోకోల్ 0.035. చూశారా, థర్మోకోల్ అంకె గాలి అంకెకు ఎంత దగ్గరగా ఉన్నదో! కారణం సులభం. థర్మోకోల్‌లో నూటికి 98 పాళ్ళు గాలే. పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్ రెండు పాళ్ళు మాత్రమే. మనం దుకాణంలో పైసలు ఇచ్చి కొనేది గోడలు కట్టిన ఖాళీ జాగా.

ఇటువంటి దానిని పాలిమర్ నురగ అంటారు. సబ్బు నురగ మాదిరి ప్లాస్టిక్‌ను బుడగలు బుడగలుగా పొంగించి గట్టిపడనిస్తారు. ఫ్రిజ్ తలుపు లోపల ఉండే పసుపు రంగు నురగ పాలియూరిథేన్. దాని బుడగల్లో గాలి కంటే మందంగా వేడిని నడిపే వాయువు నింపుతారు. అందుకని కొత్తలో దాని అంకె గాలి కంటే కూడా కొంచెం తక్కువ ఉంటుంది. ఏండ్లు గడిచినకొద్దీ ఆ వాయువు పలుచని గోడల గుండా మెల్లగా బయటికి పోతుంది, దాని జాగాలో మామూలు గాలి వస్తుంది, అంకె పెరుగుతుంది.

మరి నురగలో కూడా వేడి ఎట్లా నడుస్తుంది? మూడు దారులున్నాయి. ఒకటి, బుడగ గోడల వెంట. రెండు, బుడగలోని వాయువు గుండా. మూడు, బుడగను దాటుకొని పోయే కంటికి కనిపించని వేడి కిరణాలు. బుడగ పెద్దదైతే లోపలి గాలి తిరగడం మొదలుపెడుతుంది, అది నాలుగో దారి. కాని బుడగ కొన్ని మిల్లీమీటర్ల లోపల ఉంటే గాలికి తిరగడానికి జాగా ఉండదు. కాబట్టి మంచి నురగ అంటే చిన్న బుడగలు, పలుచని గోడలు, వేడి కిరణాలకు అడ్డు. బూడిద రంగు థర్మోకోల్ ఒకటి మార్కెట్లో ఉన్నది. అందులో గ్రాఫైటు పొడి కలుపుతారు, అది వేడి కిరణాలను ఆపుతుంది. దాని అంకె 0.031 దాకా దిగుతుంది.

ఇక బోలు పూసల దగ్గరికి వస్తాను. ఇవి ఎక్కడో అమెరికాలో తయారయ్యే వింత వస్తువులని అనుకోవద్దు. మన జిల్లాలోనే పుడుతున్నాయి. దామరచర్ల దగ్గర యాదాద్రి థర్మల్ కరెంటు స్టేషన్ కట్టారు కదా. ఒక్కొక్కటి 800 మెగావాట్ల చొప్పున 5 యూనిట్లు, మొత్తం 4,000 మెగావాట్లు. అందులో ఒక యూనిట్‌ను 2024 డిసెంబరులో ప్రారంభించారు. ఇట్లాంటి స్టేషన్లలో బొగ్గును పౌడరు మాదిరి మెత్తగా నూరి మంటలోకి ఊదుతారు. మన దేశపు బొగ్గులో మూడో వంతుకు పైగా బూడిదే. ఆ బూడిదలో ఉన్న మట్టి ఖనిజాలు మంట వేడికి కరిగి చుక్కలవుతాయి. కొన్ని చుక్కల లోపల వాయువు పుట్టి, చుక్కను బుడగలాగ ఊదుతుంది. పొయ్యి దాటి చల్లబడగానే బుడగ అట్లనే గట్టిపడిపోతుంది. లోపల చిక్కిన వాయువులో ఎక్కువ భాగం నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్. వీటికి సెనోస్ఫియర్లు అని పేరు. గ్రీకు మాటలో బోలు గోళం అని అర్థం. సగటున తల వెంట్రుక మందానికి అటూ ఇటూ. గోడ మందం కొన్ని మైక్రాన్లు మాత్రమే. కోడిగుడ్డు పెంకు ఎట్లనో అట్ల.

బూడిద అంతా ఇవే కాదు. నూటికి ఒక పాలు అటూ ఇటూగా ఉంటాయి, మిగతావి గట్టి రేణువులు. కాని వీటిని వేరు చేయడం సులువు, ఎందుకంటే ఇవి నీటి మీద తేలుతాయి. బూడిద నీళ్ళను నిలవ ఉంచే చెరువుల మీద తెల్లటి మీగడ మాదిరి కడతాయి. కరెంటు స్టేషన్ వైపు పనిచేసే నా పాత విద్యార్థి ఒకడు పాలిథిన్ కవరులో కొంచెం బూడిద తెచ్చి ఇచ్చాడు. క్లాసులో బకెట్ నీళ్ళల్లో పోసి కలిపి, రాత్రంతా వదిలేశాము. తెల్లారి చూస్తే పైన పలుచని తెల్లటి పొర. పిల్లలు చెమ్చాతో తీసి ఆరబెట్టారు. సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసిన ఒక పిల్లవాడు "సార్, ముత్యాలు!" అని కేక వేశాడు. ఒక మాట జాగ్రత్త. పిల్లలను బూడిద చెరువుల దగ్గరికి ఎవ్వరూ పోనియ్యవద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, అడుగున ఊబి ఉంటుంది.

ఫ్యాక్టరీలో గాజుతో చేసిన బోలు పూసలు కూడా ఉన్నాయి. అవి ఇంకా తేలిక, ఇంకా గుండ్రం, ధర కూడా ఎక్కువ. ప్లాస్టిక్ తొడుగుతో చేసి, వేడి తగలగానే పొంగే పూసలు మరొక రకం. పేర్లు ఎన్ని ఉన్నా సూత్రం ఒక్కటే. గోడ కట్టిన ఖాళీ.

మేము ఒక చిన్న పరీక్ష కూడా చేశాము. ఇంట్లో ఎవరైనా చేసుకోవచ్చు. రెండు గొట్టాల్లో వచ్చే అతుకు మందు ఉంటుంది కదా, ఒకటి రెండో దానితో కలిపితే రాయి మాదిరి గట్టిపడేది. అదే మందుతో ఒకే మందం గల రెండు బిళ్ళలు పోశాము. మొదటిది ఉట్టి మందు. రెండోదానిలో సగానికి సగం మా ముత్యాలు కలిపాము. మూడోది అంతే మందం థర్మోకోల్ ముక్క. మూడింటి మీద ఒక్కొక్క చుక్క మైనం పెట్టి, వేడినీళ్ళ గిన్నె మూత మీద ఉంచాము. మొదట ఉట్టి మందు బిళ్ళ మీద మైనం కరిగింది. కాసేపటికి పూసలు కలిపిన దాని మీద కరిగింది. థర్మోకోల్ మీద మైనం చాలాసేపటి వరకు అట్లనే ఉన్నది.

ఈ చిన్న పరీక్షలో నాకు కావలసిన జవాబు మొత్తం ఉన్నది. బోలు పూసలు పని చేస్తాయి, అబద్ధం కాదు. గట్టి ప్లాస్టిక్‌లో కలిపితే దాని 0.2 అంకెను 0.1 దగ్గరికి దించగలవు. కాని థర్మోకోల్ అంకె 0.035. అంటే పూసలు కలిపిన ప్లాస్టిక్ వేడిని ఆపడంలో థర్మోకోల్ కంటే ఇంకా మూడు రెట్లు వెనుకే. ఎందుకు? థర్మోకోల్‌లో నూటికి 98 పాళ్ళు ఖాళీ. పూసల బిళ్ళలో పూసకూ పూసకూ మధ్య గట్టి ప్లాస్టిక్ నిండి ఉంటుంది. వేడికి అదే బాట.

ఇప్పుడు నేను కంపెనీ మనిషిని అడగడం మరిచిన ప్రశ్న చెప్తాను. "భాయి, మీ పెయింటు మందం ఎంత?" అంతే.

అడ్డు అనేది రెండు సంగతుల మీద ఆధారపడుతుంది, మందం, అంకె. మందాన్ని అంకెతో భాగించాలి. రెండంగుళాల థర్మోకోల్ అంటే 50 మిల్లీమీటర్లు, అంటే 0.05 మీటర్లు. 0.035తో భాగిస్తే సుమారు 1.4. పెయింటు రెండు కోట్లు ఎండిన తరువాత ఎంత ఉంటుంది? ధారాళంగా లెక్కవేసి అర మిల్లీమీటరు అనుకుందాము. దాని అంకె కూడా మంచిగానే, 0.1 అనుకుందాము. భాగిస్తే 0.005. ఒకవైపు 1.4, మరొకవైపు 0.005. తేడా 280 రెట్లకు పైగా! ఆ పెయింటు రెండంగుళాల థర్మోకోల్‌తో సమానం కావాలంటే 14 సెంటీమీటర్ల మందం పూయాలి. జానెడు కంటే తక్కువ. ఆ బరువుకు మన రేకులు విరిగి కింద పడతాయి.

ఏడో తరగతి పిల్లవాడు చేయగల భాగహారం ఇది. ఇరవై ఏండ్ల సర్వీసు గల నేను చేయలేదు. పెద్ద మాటలు విన్నాను, చిన్న లెక్క వేయలేదు. ఇందులో కంపెనీ మనిషి తప్పు ఎంత ఉన్నదో నా తప్పు అంతే ఉన్నది. సభ్యులందరినీ మాఫీ కోరుతున్నాను.

మరి మొదటి పదిహేను రోజులు గది ఎందుకు చల్లబడింది? పెయింటు తెల్లగా ఉన్నది కాబట్టి. తెలుపు ఎండను వాపసు పంపుతుంది. అది పూసల గొప్ప కాదు, రంగు గొప్ప. దుమ్ము పడి తెలుపు పోగానే చల్లదనం పోయింది. ఆ పని శుభ్రమైన సున్నం కూడా చేస్తుంది. మన పెద్దలు ఎండాకాలం ముందు మిద్దె మీద సున్నం కొట్టించేవాళ్ళు, వాళ్ళకు ఏ కంపెనీ మనిషీ చెప్పలేదు.

ఇంతమాత్రాన బోలు పూసలు పనికిరానివని అనుకోవద్దు. దేనికి ఏ జాగా తగినదో తెలుసుకోవాలి. 2012 మార్చి 26న జేమ్స్ కామెరాన్ అనే సినిమా దర్శకుడు ఒక్కడే పసిఫిక్ సముద్రంలో దాదాపు 11 కిలోమీటర్ల లోతుకు దిగి తిరిగి వచ్చాడు. ఆ ఓడను పైకి తేల్చింది బోలు గాజు పూసలు కలిపిన గట్టి నురగే. అంత లోతులో థర్మోకోల్ పెడితే నీటి ఒత్తిడికి నలిగి కాగితమైపోతుంది. సముద్రం అడుగున వేడి నూనె పోయే గొట్టాల చుట్టూ కూడా ఇదే తొడుగు వేస్తారు. అక్కడ వేడిని కొంచెం తక్కువ ఆపినా పర్వాలేదు, నలగకుండా ఉండటం ముఖ్యం. మన రేకు మీద సముద్రం లేదు. మనకు కావలసింది వేరు.

నురగలోనే కొద్దిగా పూసలు కలిపితే ఎట్లుంటుంది? ఇక్కడ లాభం ఉన్నది, హద్దు కూడా ఉన్నది. నురగ పొంగేటప్పుడు పూసల దగ్గర బుడగలు మొదలవుతాయి. అందువల్ల బుడగలు చిన్నవిగా, ఒకే తీరుగా వస్తాయి, వేడి కిరణాల దారి ఇరుకవుతుంది. పూస లోపలి వాయువు బయటికి పోదు. నురగ గట్టిపడుతుంది, కాలు పెడితే అణగదు. మంటలో కాలే ప్లాస్టిక్ పాలు కూడా తగ్గుతుంది. ఇవి లాభాలు. ఇక హద్దు చెప్తాను. పూస గోడ గాజు, దాని అంకె 1. పూసలు మరీ ఎక్కువ కలిపితే ఒకదానికొకటి ఆనుకొని వేడికి వంతెన కడతాయి. పిండి గట్టిబడి నురగ సరిగా పొంగదు, బరువు పెరుగుతుంది. గట్టిగా కలిపితే పూసలు పగులుతాయి. పగిలిన పూస ఉట్టి గాజు పొడి. అప్పుడు వేడిని ఆపబోయి దానికి బాట వేసినవాళ్ళమవుతాము. కూరలో ఉప్పు మాదిరి, మోతాదులోనే రుచి.

ఇంకొక శత్రువు తడి. నీటి అంకె గాలి కంటే 20 రెట్లకు పైగా ఎక్కువ. బుడగల్లోకి, పోగుల్లోకి నీళ్ళు దిగితే ఎంత మంచి నురగ అయినా తడిసిన గొంగడే. కాబట్టి నురగ పెట్టే ముందు కప్పు కారడం ఆపాలి.

మట్టి మిద్దె మాటేమిటని పెద్దలు అడగవచ్చు. మా నానీది మట్టి మిద్దెనే. మధ్యాహ్నం లోపల చల్లగా ఉండేది. కాని రాత్రి ఎవ్వరం లోపల పడుకునేవాళ్ళం కాదు, మిద్దె ఎక్కేవాళ్ళం. మందపు మట్టి వేడిని ఆపదు, మింగి నిలవ చేసుకొని ఆలస్యంగా ఇస్తుంది. నురగ మింగదు, గుమ్మం దగ్గరే ఆపుతుంది. మన క్లాసులు పగలే నడుస్తాయి గాని మిద్దె బరువును మన రేకు గోడలు మోయలేవు. అందుకని మనకు నురగే దారి.

మన రాష్ట్రంలో జరిగిన ఒక పరీక్షను కూడా మీ దృష్టికి తెస్తాను. 2017లో హైదరాబాదులోని దేవరకొండ బస్తీలో 25 పేద ఇండ్ల కప్పుల మీద తెల్లటి పాలిథిన్ జాతి పొర పరిచి చూశారు. ఊరి పేరు మన దేవరకొండదే, బస్తీ మాత్రం పట్నంలోది. పొర వేసిన ఇండ్లల్లో గాలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. రెండు డిగ్రీలేనా అనవద్దు. వడగాలి రోజుల్లో ముసలివాళ్ళకు, పసిపిల్లలకు ఆ రెండు డిగ్రీలే పెద్ద తేడా. ఆ తరువాత 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం చల్లని కప్పుల విధానం ఒకటి ప్రకటించింది. ప్రభుత్వ భవనాలకు, పెద్ద కట్టడాలకు ఇటువంటి కప్పు తప్పనిసరి అన్నది. చిన్న ఇండ్ల వాళ్ళకు తప్పనిసరి లేదు. కాని రేకుల ఇండ్లల్లో ఉండేది ఎవరు? మనమే. తప్పనిసరి కాకపోయినా అవసరం మనదే ఎక్కువ.

కావున ఈ సంవత్సరం మన రెండు గదుల గురించి నా సూచన ఇది. కార్యవర్గం ఆలోచించి నిర్ణయించగలరు.

మొదటిది, ఫిబ్రవరి ఆఖరులోగా కప్పు కడిగి, కారే జాగాలు మూసి, సున్నంలో బంక కలిపి రెండు మార్లు పూయాలి. ఏటా ఒకసారి తప్పదు. ఏప్రిల్‌లో ఒకసారి దుమ్ము కడగాలి. సున్నం కంటిలో పడితే ప్రమాదం, అద్దాలు పెట్టుకొని పెద్దవాళ్ళే చేయాలి. రేకు మీద నేరుగా నడవవద్దు, విరుగుతుంది. పలక వేసుకొని దాని మీద నడవాలి.

రెండోది, రేకు కింద నురగ పలకల కప్పు. రెండంగుళాల మందానికి తగ్గవద్దు. పలకను రేకుకు అంటించకూడదు. రేకుకూ పలకకూ మధ్య జానెడు సందు, ఆ సందులో వేడిగాలి పోవడానికి రెండు వైపులా జాలీలు. ఎందుకంటే థర్మోకోల్ 80 డిగ్రీల దగ్గరికి వస్తే మెత్తబడటం మొదలవుతుంది. పెట్రోలు జాతి జిగురు తగిలితే కరిగిపోతుంది.

మూడోది అన్నింటికంటే ముఖ్యం. నురగ మండుతుంది. మండితే నల్లటి విషపు పొగ, కరిగిన చుక్కలు కింద పడతాయి. పిల్లల తల మీద నురగ ఉట్టిగ వదలకూడదు. కింది వైపు జిప్సం పలకో సిమెంటు పలకో తప్పక వేయాలి. కరెంటు తీగలు పైపులో పోవాలి, నురగలో నుంచి పోనియ్యవద్దు. దీనికి పైసలు చాలకపోతే ఈ ఏడు ఒక్క గదే చేద్దాము. కుట్టు గది ముందు. సగం ఖర్చుతో రెండు గదులకూ ఉట్టి నురగ అంటించుదామని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

నాలుగోది, పాత సిమెంటు రేకులను కోయవద్దు, రంధ్రాలు వేయవద్దు. వాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది, దాని దుమ్ము ఊపిరితిత్తులకు ముప్పు. కొత్త కప్పు బరువును గోడకు కట్టిన ఇనుప చట్రం మోయాలి, రేకు మోయకూడదు.

అయిదోది, ఇవన్నీ చేసిన తరువాత కూడా మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా మే నెలలో క్లాసు వద్దు. బడులకు ఒంటిపూట ఉన్నప్పుడు మన కుట్టు క్లాసుకు ఎందుకు ఉండకూడదు? గోడకు ఒక థర్మామీటరు పెడదాము. ప్రతి రోజూ రెండు గంటలకు టెన్త్ పిల్లలు అంకె రాసి పెడతారు. వచ్చే సంవత్సరం వార్షిక సభలో నేను మాటలు చెప్పను, ఆ పుస్తకం తెచ్చి మీ ముందు పెడతాను. పని జరిగిందో లేదో అదే చెప్తుంది.

ఇక ఇండ్లల్లో ఉండే అమ్మలకు, అక్కలకు ఒక మాట. మీ ఇంటికి కూడా ఇట్లాంటి అమ్మేవాళ్ళు వస్తారు. పెయింటు, పలక, పరదా, ఏది తెచ్చినా మూడు ప్రశ్నలు అడగండి. మందం ఎంత? ఉష్ణవాహకత్వం అంకె ఎంత, రాసి ఇస్తావా? మంట తగిలితే ఏమవుతుంది? జవాబు చెప్పేవాడు ఉంటే కూర్చోబెట్టి చాయ్ ఇవ్వండి. రాకెట్ల కథ చెప్పేవాడైతే సలాం చెప్పి పంపించండి. నేను పంపించలేదు, అందుకే ఇంత చెప్పవలసి వచ్చింది.

స్పృహ తప్పిన ఆ అమ్మాయి ఇంటి ముందు నుంచే నేను రోజూ బడికి పోతాను. వాళ్ళ అమ్మ సలాం చెప్తుంది, కుశలం అడుగుతుంది. క్లాసు సంగతి ఆమె ఎత్తదు, నేనూ ఎత్తను. కుట్టు గది కప్పు పూర్తయిన రోజు, గోడ మీద థర్మామీటరు అంకె నా కళ్ళతో చూసిన తరువాత, ఆ ఇంటికి నేనే పోయి బిడ్డను పంపుమని అడుగుతాను. అంతకు ముందు అడిగే హక్కు నాకు లేదు.

 సున్నం కొట్టే రోజు ఎప్పుడని నోటీసు బోర్డు మీద రాస్తారు. బుషులు, బకెట్లు తీసుకొని రాగలవాళ్ళు రావలసిందిగా మనవి. నేను అందరికంటే ముందు వస్తాను.